రోడ్డు దాటించే బాబాయి, దాటనన్న పిన్ని

మా బాబాయి సిటీ బస్సు నడిపినన్నాళ్లూ రోడ్డు మీద నడిచే మనిషిని మనిషిగా లెక్కేసిన పాపాన పోలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడంటే చాలు, ఆ రోజు తన బస్సుకి అడ్డం పడబోయిన వాళ్లందరి సంగతీ ఏకరువు పెట్టేవాడు. ఫోను చూసుకుంటూ వచ్చేవాళ్లు ఆయన లెక్కలో ఒక జాతి. కళ్లు మూసుకుని పరిగెత్తేవాళ్లు ఇంకో జాతి. అందరికన్నా ప్రమాదమైనవాళ్లు రోడ్డు మధ్య దాకా వచ్చి, అక్కడ ఆగి ఆలోచించుకునేవాళ్లు. ఇంట్లో చెప్పొచ్చావా అని అడిగితే ఆ మాటకి కూడా నిలబడి ఆలోచిస్తారని వాపోయేవాడు. మా పిన్ని వింటూ కూర వడ్డించేది.

అలాంటి మనిషి ఇప్పుడు పొద్దున్న లేచింది మొదలు రోడ్డు మీద నిలబడి అందరినీ దాటిస్తాడు. జీతం లేదు, యూనిఫారం లేదు, రమ్మని ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు. బడిపిల్లలు ఆయనకి ‘ఆపండి తాతయ్య’ అని పేరు పెట్టారు. ఆ పేరు విని బాబాయి కోప్పడతాడనుకున్నాను గానీ, మురిసిపోయాడు.

నేను ఆయన అన్నగారి కూతుర్ని. వాళ్లింట్లో రోడ్డు వైపున్న ముందుగది నా బట్టలు కుట్టే కొట్టు, వెనక గదులూ వంటిల్లూ వాళ్లవి. మిషను వాకిలికి ఎదురుగా వేసుకున్నాను కాబట్టి, సూదిలో దారం ఎక్కించడానికి తల దించినప్పుడు తప్ప రోడ్డు మీద జరిగేదంతా నా కళ్ల ముందే జరుగుతుంది. ఇంట్లో జరిగేది ఎలాగూ చెవిన పడుతుంది. అందుకని ఈ కథ చెప్పే హక్కు నాకుంది. బాబాయికి కోపం వస్తే రానీ.

ఇదంతా ఎలా మొదలైందంటే, రిటైరైన కొత్తలో పిన్ని ఆయన్ని రోడ్డుకి అవతలున్న మందుల షాపుకి పంపింది. అంతవరకూ ఆ పని కూడా ఆవిడే చేసుకునేది. బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లి తెల్ల చారల దగ్గర నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. మాది వెడల్పైన రోడ్డు, మధ్యలో డివైడరు, చారలు సగం చెరిగిపోయి ఉంటాయి. నడిచేవాళ్ల కోసం ఒక ఆకుపచ్చ దీపం ఉంది గానీ, వెలిగిందా లేదా అని కళ్లు చికిలించి చూసేలోపు ఆరిపోతుంది. కార్లు వెళ్లాయి, లారీలు వెళ్లాయి, నీళ్ల ట్యాంకరు వెళ్లింది. ఆయన ఏళ్ల తరబడి నడిపిన లైను బస్సే వచ్చింది. బాబాయి నవ్వుతూ చెయ్యి ఊపాడు. అది హారన్ కొట్టుకుంటూ, ఆయన ఇస్త్రీ చొక్కా మీద ఇంత దుమ్ము పోసి, చారల మీదుగానే పోయింది. చివరికి ఒట్టి చేతులతో ఇంటికొచ్చి, ఒక్కడంటే ఒక్కడు ఆగడేమిటే అన్నాడు.

“మీరు ఏనాడన్నా ఆగారా?” అంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే బాబాయి వెళ్లి చారల మీద నిలబడ్డాడు. చేసిన పాపం కడుక్కుంటున్నాడని వీధిలో కొందరు అన్నారు. నేను మాత్రం నమ్మను. ఇంట్లో తోచక వెళ్లాడు, వెళ్లాక రుచి మరిగాడు. అంత పెద్ద బండ్లు తన చెయ్యి చూసి ఆగడం అనేది ఒకసారి అలవాటైతే మానుకోవడం ఎవరి తరం. అక్కడ డ్యూటీ చేసే ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడలిలో బండ్లతో వేగలేక నడిచేవాళ్ల వైపు చూడటం ఎప్పుడో మానేశాడు. బాబాయిని చూసి మొదట్లో విసుక్కున్నాడు. తరవాత టీకి వెళ్తూ, కాస్త చూస్తూ ఉండండి సార్ అని చెప్పి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ సార్ అన్న మాటతో మా బాబాయి కాళ్లు భూమ్మీద ఆనలేదు.

ఆయన దాటించే పద్ధతే వేరు. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, డ్రైవరు మనిషిని చూసి ఆగడు, కారణం చూసి ఆగుతాడు. ఎవరో వస్తున్నారంటే తను కూడా ఆగేవాణ్ణి కాదనీ, ఎవరొస్తున్నారో తెలిస్తే మాత్రం కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుందనీ అంటాడు. అందుకని కుడిచెయ్యి అడ్డంగా చాపి, రోడ్డులోకి ఒక అడుగు వేసి, వెనకాల వస్తున్నదెవరో నలుగురికీ వినపడేలా చాటింపు వేస్తాడు. చంటిపిల్ల తల్లి వస్తోంది, ఆపండి. పరీక్షకెళ్లే పిల్లలు, ఆపండి. చూపానని పెద్దాయన, ఆపండాపండి. ఇంజను మోత మీద అరిచి అరిచి తేలిన గొంతు కదా, బండ్లు నిజంగానే ఆగేవి. అబద్ధమెందుకు చెప్పాలి, ఆయన వచ్చి నిలబడ్డాక మా రోడ్డు మీద ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు.

దెబ్బలు తగిలింది మనసులకి. ఎదురుగా ఉన్న బ్యాంకు మేనేజరుగారిని, బరువైన మనిషి, పరిగెత్తలేరు, ఆపండి అని చాటితే ఆయన ఆ మర్నాటి నుంచి వీధి చివరి ఇంటి నుంచి బ్యాంకుకి కారులో రావడం మొదలుపెట్టాడు. మా పక్క బ్యూటీ పార్లర్ అమ్మాయిని ఒకరోజు నిండు గర్భిణి అని చెప్పి ఎంతో భక్తిగా దాటించాడు. ఆ అమ్మాయికి ఇంకా పెళ్లే కాలేదు. అంతకు ముందు వారమే నేను ఆమె గౌను నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేసిన మాట నిజమే గానీ, అది నాకూ ఆమెకూ మధ్య ఉండవలసిన విషయం. నోరు మంచిదైతే ఊరు మంచిది బాబాయ్, కాస్త చూసుకో అని నేను చెప్పకపోలేదు. నేను చెబితే ఈ ఇంట్లో ఎవరు విన్నారు కనక.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. బాబాయి నడుస్తూ వెనక్కి చూడడు. బస్సులో వెనక సంగతి చూడటానికి అద్దం ఉండేది. నేల మీదికి దిగాక అద్దం లేదు, కాబట్టి వెనక అనేదే ఆయనకి లేదు. పెళ్లైన కొత్త నుంచీ ఇద్దరూ ఎక్కడికి వెళ్లినా ఆయన ముందు, పిన్ని ఎక్కడో వెనక. చుట్టాలింటికి వెళ్తే ఆయన కూర్చుని కాఫీ తాగడం అయ్యాక పిన్ని గుమ్మంలో అడుగుపెట్టేది. భార్య గురించి నలుగురిలో మాట్లాడటం కూడా ఆయనకి చేతకాదు. ఎవరన్నా అడిగితే, మా ఇంట్లో ఒంట్లో బాగాలేదండి అనేవాడు. బాగాలేనిది ఇంటికో ఇంటావిడకో వినేవాళ్లు తేల్చుకోవాలి.

ఈ మధ్య పిన్ని మోకాలు మొరాయించింది. ఆపరేషన్ చేశారు. అది బాగానే జరిగింది గానీ డాక్టరు గట్టిగా ఒక మాట చెప్పాడు. కొత్త మోకాలికి మొదట్లోనే వంగడం నేర్పాలి, ఇప్పుడు బద్ధకిస్తే అది అలాగే బిగుసుకుపోతుంది, ఇంక జన్మలో కాలు మడిచి కూర్చోలేరు అన్నాడు. వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి గది సరిగ్గా మా ఇంటికి ఎదురుగా, మందుల షాపు పక్కనే ఉంది. అక్కడ కప్పీలూ తాళ్లూ, కాలు పెడితే వంచే యంత్రం ఉన్నాయి. అవన్నీ నెత్తిన పెట్టుకుని ఆ అమ్మాయి మా ఇంటికి రాలేదు కదా. ఆటో మాట కూడా ఆలోచించాం. ఎదురుగా కనపడే గదికి వెళ్లడానికి ఆటో ఎక్కితే, వంతెన దాకా పోయి చుట్టు తిరిగి రావాలి. పైగా ఆటోలో కూర్చోవాలంటే ఏ కాలు వంగడం లేదో ఆ కాలే వంగాలి. ఒకసారి ప్రయత్నించి పిన్ని కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఇంక మిగిలింది నడిచి దాటడమే. డాక్టరు కూడా నడవమనే చెప్పాడు.

బాబాయి మీసం దువ్వాడు. ఊరందరినీ దాటించినవాడికి సొంత ఇంటావిడ ఒక లెక్కా. ముందురోజే కానిస్టేబుల్‌కి చెప్పి పెట్టాడు. పొద్దున్నే చీపురు పట్టుకెళ్లి చారల మీద గులకరాళ్లు ఊడ్చాడు. ఇంట్లో ఏనాడూ చీపురు ముట్టని మనిషి రోడ్డు ఊడవడం చూసి పార్లర్ అమ్మాయి కోపం కూడా మర్చిపోయి గుమ్మంలోకి వచ్చింది. బడిపిల్లలు గట్టు మీద వరసగా నిలబడ్డారు. పిన్ని తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, చేతికర్రతో బయటికొచ్చింది. ఆపరేషన్ తరవాత ఆవిడ వీధిలోకి రావడం అదే మొదలు. నేను మిషను ఆపి వాకిట్లో నిలబడ్డాను.

ఆకుపచ్చ దీపం వెలిగింది. బాబాయి కుడిచెయ్యి చాపి రోడ్డులోకి దిగాడు. పిన్ని కర్ర ఆనించి మొదటి చార మీద కాలు పెట్టింది. అప్పుడు బాబాయి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినపడేలా, “కుంటావిడ వస్తోంది, ఆపండాపండి!” అని చాటాడు.

పిన్ని ఆగిపోయింది. ఒక్క క్షణం ఆయన వీపు వంక చూసింది. తరవాత కర్ర తిప్పుకుని, కొత్త మోకాలున్న మనిషి నడవగలిగినంత వేగంగా నా కొట్టులోంచి లోపలికి వెళ్లిపోయింది.

బాబాయి వెనక్కి చూస్తే కదా. నిదానం, నిదానం, తొందరేం లేదు అని ధైర్యం చెబుతూ డివైడరు దాటి, అవతలివైపు బండ్లని కూడా ఆపి, ఎవరూ లేని రోడ్డుని ఎంతో జాగ్రత్తగా దాటించుకుంటూ అవతలి గట్టు చేరాడు. రెండు వైపులా బండ్లవాళ్లు తలలు బయటపెట్టి, ఆ కుంటావిడ ఎక్కడా అని వెతికారు. అందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితి తొట్లో పడిందంటే ఇదే. నాకు నవ్వొచ్చింది, దాచుకోవడం దేనికి. లోపలికి వెళ్లి పిన్ని మొహం చూశాక ఆ నవ్వు పోయింది.

ఏం మర్చిపోయి వెనక్కొచ్చావని బాబాయి వచ్చి అడిగాడు. మోకాలు నొప్పిగా ఉందంది పిన్ని. మర్నాడు అడిగినా అదే మాట. ఆ తరవాత అడిగినా అదే. కాలు ఎదర స్టూలు మీద చాపుకుని, చాపిన కాలు చాపినట్టే పెట్టుకుని, పొద్దస్తమానం కిటికీలోంచి గోడ వంక చూస్తూ కూర్చునేది. ఎందుకో నాకు తెలుసు. ఆయనకి చెబుతానంటే, నువ్వు చెప్పావో నా మీద ఒట్టే అంది. ఆయనకే తట్టాలట. మా బాబాయికి తట్టడం అంటే మాటలా.

ఆయనకి తట్టింది వేరే. ఆవిడకి రోడ్డంటే భయం పట్టుకుందని తేల్చాడు. ముందు సిగ్నల్ వాళ్ల ఆఫీసు చుట్టూ తిరిగి, బతిమాలి, విసిగించి, ఆకుపచ్చ దీపం ఇంకాస్తసేపు వెలిగేలా చేయించాడు. దానివల్ల వీధిలో ముసలీముతకా అందరూ బాగుపడ్డారు, పిన్ని తప్ప. తరవాత అలిసిపోతే మధ్యలో కూర్చోవడానికి ఉంటుందని డివైడరు మీద మా ఇంట్లో కుర్చీ తీసుకెళ్లి వేశాడు. అందులో ఎవరో పెద్దమనిషి కూర్చుని పేపరు చదువుకుంటున్నాడని కానిస్టేబుల్ కుర్చీ తెచ్చి మాకు అప్పజెప్పాడు. చివరికి ఒకరోజు నేను భోజనానికి లేచిన సమయం చూసి నా కొట్టులో సుద్దముక్క పట్టుకుపోయాడు. లోపలి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చారలు గీసి, ఫ్రిజ్ పక్కన చెయ్యి చాపుకుని నిలబడి, ఇక్కడ అలవాటు చేసుకో, బండ్లు రావు అని పిన్నిని పిలిచాడు. పిన్ని ఆ చారల వంక చూసింది, ఆయన వంక చూసింది. గది తుడిచెయ్యండి అంది. పాపం బాబాయే మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడు. ఆయన మోకాళ్లు నిక్షేపంలా వంగుతున్నాయి.

ఫిజియోథెరపీ అమ్మాయి నాకు ఫోను మీద ఫోను చేసేది. ఒకరోజు ఆమె గొంతు మారింది. ఇప్పటికే ఆలస్యమైంది, ఈ వారం కూడా రాకపోతే తర్వాత వచ్చినా నేను చెయ్యగలిగింది పెద్దగా ఉండదు, మీ పిన్నిగారికి అర్థమయ్యేలా చెప్పండి అంది. నాకు భయం వేసింది. మిషను మీద బట్ట అలాగే వదిలేసి లోపలికి వెళ్లాను. అలక పూనడానికి కూడా ఒక హద్దుండాలనీ, ఆయన నోటికి భయపడి కాలు పోగొట్టుకునేవాళ్లని ఎక్కడా చూడలేదనీ, ఊరంతా ఆయన చేత ఏదో ఒకటి అనిపించుకున్నదేననీ గట్టిగానే కేకలేశాను. పిన్ని అంతా విని, చాపిన కాలి మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా అంది.

“కుంటుతున్నాను కదే, అందులో అబద్ధమేముంది. ఆ మాటకి కాదు నా బాధ. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా గురించి నలుగురిలో నోరు విప్పడం అదే మొదటిసారి. విప్పి ఆ మాట అన్నారు.”

నాకు ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. మా ఇద్దరిలో ఎవరి కోపమో తెలియనంత కోపం. ఒట్టు సంగతి ఒట్టు చూసుకుంటుందని మెడలో టేపు తియ్యకుండానే రోడ్డు మీదికి వెళ్లాను. బాబాయి పిల్లల్ని దాటించి వెనక్కి వస్తూ నన్ను చూశాడు. టేపు ఆవిడ వస్తోంది, కోపంగా ఉంది, ఆపండి అని చాటాడు. బండ్లు ఆగాయి. అదే ఆయన చేసుకున్న పాపం. లేకపోతే నేను డివైడరు దాకా వెళ్లేదాన్నే కాదు.

అక్కడే నిలబెట్టి అడిగాను. ఆ రోజు పిన్ని గురించి ఏం చాటావో గుర్తుందా అన్నాను. బండ్లు ఆపమన్నాను, ఇంకేం అన్నాను అన్నాడు. ఏమన్నాడో చెప్పాను.

“నేనలా అన్నానా?”

“అన్నావు. రోడ్డంతా విన్నారు, నువ్వు తప్ప.”

“అందరి గురించీ చెప్పినట్టే చెప్పానమ్మా. బండ్లు ఆగాలి కదా.”

“అందరూ, పిన్నీ ఒకటేనా బాబాయ్?”

దానికేదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆగాడు కదా అని నేను ఆగలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఫోనులో చెప్పిన మాటా, పిన్ని నాతో అన్న మాటా, రెండూ ఉన్నవి ఉన్నట్టు ఆయన నెత్తిన పెట్టాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. జారింది ఆయన నోరు, అనుభవిస్తున్నది ఆవిడ కాలు. బాబాయి చాపిన చెయ్యి కిందికి దించేశాడు. బండ్లు కదిలాయి. నేనూ ఆయనా డివైడరు మీద అలా ఇరుక్కుపోయి, మళ్లీ దీపం వెలిగేదాకా, రోడ్డు మధ్యలో నిలబడి ఆలోచించుకునే జాతిలా నిలబడ్డాం.

మర్నాడు ఆయన రోడ్డు మీదికి వెళ్లలేదు. పిల్లలు నా కొట్టులోకి తొంగిచూసి తాతయ్యకి జ్వరమా అని అడిగారు. జ్వరం కాదు, క్షమాపణ చెప్పడం రావడం లేదు. ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్లడం, ఉప్పుందా అని అడగడం, ఉందని పిన్ని చెప్పడం, వెనక్కి రావడం. కాసేపాగి మళ్లీ వెళ్లి పంచదారుందా అని అడగడం. సాయంత్రానికి ఇంట్లో సరుకుల లెక్క అంతా తేలింది గానీ అసలు మాట తేలలేదు. ఇంజను మోత మీద గెలిచిన గొంతు వంటింటి గుమ్మం దాటలేకపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా బాబాయి తిరగేసి నేర్చుకున్నాడు.

మరుసటి పొద్దున్న నేను కొట్టు తెరుస్తుంటే లోపల్నించి మాటలు వినపడ్డాయి. బాబాయి గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా ఉంది.

“రోడ్డు మీద నీ గురించి ఏమని చెప్పమంటావు?”

“అది కూడా నేనే చెప్పాలా?” అంది పిన్ని.

కాసేపటికి గోడకి ఆనించిన కర్ర తీసిన చప్పుడైంది. పిన్ని బయటికొచ్చింది. ఆవిడ మొహంలో ఏమీ తెలియలేదు. ఆవిడ ఆయన్ని క్షమించి బయల్దేరిందో, పరీక్ష పెట్టడానికి బయల్దేరిందో నాకు అర్థం కాలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఇవాళ మళ్లీ వెనక్కి తిరిగిందంటే ఆ కాలు ఇంక అంతే. నేను ఆవిడ చేతిసంచీ, నీళ్ల సీసా పట్టుకుని వెంట నడిచాను.

దీపం వెలిగింది. బాబాయి చెయ్యి చాపి రోడ్డులోకి దిగాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. మా రోడ్డు మీద బండ్లు దీపాన్ని చూసి ఆగేవి కావు, ఆయన గొంతు విని ఆగేవి. గొంతు లేకపోయేసరికి ముందున్న సిటీ బస్సు గుర్రుమంటూ చారల మీదికి జరగడం మొదలుపెట్టింది. పిన్ని గట్టు మీద కర్ర గట్టిగా పట్టుకుంది. పిన్ని పాదం వెనక్కి కదిలిందని నాకు అనిపించింది.

బాబాయి ఆ బస్సుకి ఎదురుగా నడిచి వెళ్లాడు. డ్రైవరు కిటికీ దగ్గర ఆగి, తల పైకెత్తి, పెళ్లిలో చుట్టాలని పరిచయం చేసే గొంతుతో, “మా ఆవిడండీ” అన్నాడు.

ఎవరని డ్రైవరు అడిగాడు. బాబాయి చేత్తో చూపించి, మా ఆవిడ, మోకాలి ఆపరేషన్ అయింది, అవతలికి తీసుకెళ్తున్నాను అని చెప్పాడు. కుర్రవాడు, కొత్తగా చేరినట్టున్నాడు. బాబాయి వంకా, గట్టు మీద పిన్ని వంకా చూసి ఇంజను ఆపేశాడు. రండమ్మా, నిదానంగా రండి అన్నాడు. ముందు బస్సు ఆగితే వెనకవాళ్లు ఎక్కడికి పోతారు.

బాబాయి వెనక్కొచ్చాడు. అలవాటుగా ముందుకి తిరగబోయి, తిరగకుండా పిన్ని పక్కన నిలబడి చెయ్యి ఇచ్చాడు. పిన్ని ఆ చెయ్యి వంక కాసేపు చూసింది. వీధిలో అంతమంది ముందు మొగుడి చెయ్యి పట్టుకోవడం ఆవిడకీ కొత్తే కదా. పట్టుకుంది. ఇద్దరూ ఒక్కొక్క చారా దాటుతూ నడిచారు. బాబాయి అడుగు ఆవిడ అడుగుతో కలవక రెండుసార్లు తడబడ్డాడు. కుంటుతున్నదెవరో చూసేవాళ్లు చెప్పలేరు. వాళ్ల వెనకాల నేను, సంచీ ఒక చేత్తో, కళ్లు తుడుచుకోవడం ఇంకో చేత్తో.

డివైడరు దగ్గరికి చేరాం. అవతలివైపు నుంచి వచ్చే బండ్లు బారులు తీరి ఉన్నాయి. కొన్ని అప్పుడే చారల మీదికి ముక్కులు పెడుతున్నాయి. బాబాయి ఎడమచేత్తో ఆవిణ్ణి పట్టుకుని, కుడిచెయ్యి చాపి, ఏమీ అనకుండా కిందికి ఒక కాలు దించాడు. పిన్ని కదల్లేదు. ఆయన చెయ్యి లాగినట్టై ఆగాడు.

“నొప్పిగా ఉందా?” అన్నాడు.

“లేదు.”

“మరి?”

పిన్ని కర్ర కొనతో ఎదురుగా ఉన్న బండ్లని చూపించింది.

“ఇటువైపు వాళ్లకి మీరింకా చెప్పలేదు” అంది.

బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు. నా వంక చూశాడు. నేను సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్న చప్పుడు వినపడింది. ఆ తరవాత ఆయన పెట్టిన కేకకి మందుల షాపువాడు బయటికొచ్చాడు, ఫిజియోథెరపీ అమ్మాయి కిటికీ తెరిచింది.

“మా ఆవిడ వస్తోందండీ, ఆపండి!”

బండ్లు ఆగాయి. పిన్ని వెంటనే కాలు కదపలేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తీరిగ్గా చూసి, అందరూ విన్నారని నమ్మకం కుదిరాక, డివైడరు దిగింది.